మూడు పెన్నులు

నాలుగింటికి రమ్మంటే మూడింటికే వచ్చి కూర్చోవడం ఆవిడకి కొత్తేమీ కాదు, పరీక్షలకీ అలాగే వెళ్ళేది, తన పెళ్ళికీ అలాగే వెళ్ళింది, అప్పటికి పెళ్ళికొడుకు వాళ్ళింకా స్నానాలు చేస్తున్నారు. అయితే ఇవాళ ముందుగా రావడానికి కారణం వేరు, ఒళ్ళో ఉన్న నోటుబుక్కు ఇంకోసారి చూసుకోవాలి, ఎక్కడైనా దొరికిపోతానేమో అని. దొరికిపోవడం. ఆ మాట మనసులో పడగానే చెవులు వేడెక్కాయి. యాభైకి దగ్గరపడుతున్న మనిషి, వంతెనలు కట్టే కంపెనీలో లెక్కలు సరిచూసే విభాగానికి పెద్ద, ఆవిడ సంతకం పడందే ఏ వంతెన మీదా ఒక్క సైకిలు కూడా కదలడానికి వీల్లేదు, అలాంటి మనిషి హోమ్‌వర్కు కాపీ కొట్టిన స్కూలు పిల్లలా బ్యాగుని పొట్టకి అదుముకుని కూర్చుంది. కాపీ కూడా కాదు ఇది, కాపీ అయితే ఎక్కడో అసలంటూ ఒకటి ఉంటుంది కదా.

కింద పళ్ళ డాక్టరు ఆసుపత్రి. ఆ డ్రిల్లింగు చప్పుడు నేలలోంచి కుర్చీ కాళ్ళలోకి, కుర్చీ కాళ్ళలోంచి ఆవిడ దవడలోకి వస్తోంది. నాలుగు కుర్చీలు, ఒకటి కదిలితే కీచుమంటుంది, ఆవిడ సరిగ్గా దాంట్లోనే కూర్చుంది, ఇప్పుడు లేచి మారితే అదొక చప్పుడు. పొగ పట్టినట్టుండే అద్దం తలుపు వెనక కోచ్ గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. ఆయన ఒకప్పుడు ఈత నేర్పేవాడట, ఇప్పుడు మనుషులకి మనసు సంగతి నేర్పుతున్నాడు, మైండ్‌సెట్ కోచ్ అని చిన్న బోర్డు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళంతా గెలిచినవాళ్ళే, అన్నీ గెలిచి, గెలిచిన దాంట్లో రుచి తెలియక వచ్చేవాళ్ళు. నీళ్ళలో ఉన్న మనిషికి గట్టు మీంచి చెప్పే అలవాటు పోలేదు కాబోలు, ఇప్పటికీ నిదానంగా, కాస్త గట్టిగా మాట్లాడతాడు. మొదటిరోజే అన్నాడు, ఈత రాదని చెప్పినవాళ్ళకి నేర్పడం తేలికండీ, వచ్చని చెప్పి దూకేవాళ్ళతోనే నాకు పనెక్కువ అని. ఆవిడ ఆ మాటని గబగబా గుండ్రటి అక్షరాలతో రాసుకుంది, పరీక్షలో వస్తుందన్నట్టు. రాసుకుందే గాని, అది తన గురించే అని తట్టిందా, అబ్బే.

అసలు ఇక్కడికి రావడానికి కారణం ఆ బేస్‌మెంటు. పెద్ద వంతెన ప్రారంభం అయిన రోజు, తొమ్మిదేళ్ళ పని, చేతిలో జ్ఞాపిక, మెడలో దండ, చప్పట్లు, ఫొటోలు, లిఫ్టులో కిందికి దిగి కారెక్కి తలుపేసుకుంది, అంతే, తాళం తిప్పబుద్ధి కాలేదు. ఏడుపు కాదు, నీరసం కాదు, ఏమీ లేదు, అదే భయం, ఏమీ లేదు. నలభై నిమిషాల తర్వాత వాచ్‌మన్ అద్దం మీద కొట్టి, మేడం, ఒంట్లో బాగాలేదా, అన్నాడు, ఆవిడ వెంటనే నవ్వి ఫోన్‌లో ఉన్నానని చెప్పింది, ఫోన్ అప్పుడు డిక్కీలో బ్యాగులో ఉంది. ఆ సంగతి చెబితే కోచ్ ఒకే ఒక ప్రశ్న అడిగాడు, గెలిచాక మామూలుగా ఎంతసేపు సంతోషంగా ఉంటారండీ అని. ఆవిడ లెక్క వేసి మరీ చెప్పింది, లిఫ్టు దిగేదాకా. చెప్పి, సరైన సమాధానమేనా అన్నట్టు ఆయన మొహంలోకి చూసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చూపుకే సిగ్గేస్తోంది.

హోమ్‌వర్కు చిన్నదే. ఇరవై ఎనిమిది రోజులు, రోజుకి ఒక్క వాక్యం. ఆ రోజు ఎవరూ మార్కులెయ్యని పని, ఎవరూ చూడని పని, మీకు ఊరికే బాగుందనిపించిన క్షణం ఒక్కటి రాయండి, లేకపోతే లేదని రాయండి, అంతే, అన్నాడు ఆయన. లేకపోతే లేదని రాయండి అన్న ముక్క ఆవిడ చెవికెక్కలేదు. మొదటి రోజు వెతికింది, పొద్దున్నించీ వెతికింది, కాఫీలో వెతికింది, బాల్కనీలో నిలబడి ఎండలో వెతికింది, దొరకలేదు, ఏమీ లేదు అని రాసింది. రెండో రోజూ ఏమీ లేదు. మూడో రోజు ఇంకో వాక్యం. ఆ మూడు కాయితాలూ చూసుకుంటే సున్నా వచ్చిన పరీక్ష పేపర్లలా ఉన్నాయి, జన్మలో ఎప్పుడూ సున్నా ఎరగదు, అందుకని చింపేసింది. చింపింది గాని పారేయలేదు, కొలతల కాయితం పారేయకూడదన్నది ముప్ఫై ఏళ్ళ అలవాటు, మడిచి బ్యాగు లోపలి జిప్పులో పెట్టింది, అవింకా అక్కడే ఉన్నాయి, ఉన్నాయని తెలుసు కాబట్టే చెయ్యి మాటిమాటికీ అటే పోతోంది. ఆ తర్వాత పుస్తకం ముట్టుకుంటే ఒట్టు. రేపు రాద్దాం, రేపు రాద్దాం, చివరికి నిన్న ఆదివారం, ఇవాళ చూపించాలి.

నిన్న మధ్యాహ్నం భోంచేసి, డైనింగు బల్ల తుడుచుకుని కూర్చుంది. మూడు పెన్నులు. నీలం బాల్‌పెన్ను ఒకటి, ఆఫీసుది నల్లది ఒకటి, భర్త కోటు జేబులోంచి తీసిన ఇంకు పెన్ను ఒకటి. ఒకే పెన్నుతో రాస్తే ఒకే రోజు రాసినట్టుంటుంది. ఆరో రోజు పేజీ మీద కాఫీ గ్లాసు పెట్టి గుండ్రంగా మరక చేసింది. పదకొండో రోజుది కార్లో రాసినట్టు అక్షరాలు వంకర పోనిచ్చింది. ప్రతిరోజూ ఉంటే అనుమానమొస్తుందని పదిహేడో రోజు వదిలేసి, పద్దెనిమిదిలో, నిన్న మరిచిపోయాను, అయినా పర్వాలేదనిపించింది, అని రాసింది. ఆ వాక్యం రాసినప్పుడు తన తెలివికి తనకే ముచ్చటేసింది, నిజంగా ముచ్చటేసింది, ఈ ఇరవై ఎనిమిది రోజుల్లో ఆవిడకి ఊరికే బాగుందనిపించిన క్షణమంటూ ఉంటే అదొక్కటే. మధ్యలో ఆయన గదిలోంచి వచ్చి, ఏం రాస్తున్నావ్ అంత దీక్షగా, అన్నాడు. హోమ్‌వర్కు, అంది. అబ్బో, మంచిదే, అని ఆయన మెల్లగా టీవీ కట్టేసి, వంటింట్లో చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి పోయాడు. ఆ తలుపు దగ్గరికెయ్యడం ఒకటి. అబద్ధాలకి డిస్టర్బెన్సు కాకూడదని.

కింద డ్రిల్లింగు ఆగింది, ఎవరో దగ్గారు, మళ్ళీ మొదలైంది. మూడూ పదిహేను. పేజీలు తిప్పింది, బాగానే ఉన్నాయి, ఎవరూ పట్టుకోలేరు, పట్టుకోగలిగేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారంటే అది తనే, దొంగ కొలతలు పట్టుకోవడంలో తనని మించినవాళ్ళు లేరని పేరు. ఆ పేరు తెచ్చిపెట్టింది ఆ అమ్మాయి. సన్నగా, ఎప్పుడూ హెల్మెట్ నుదుటి మీదికి జారిపోతూ ఉండే ఆ అమ్మాయి, సైటులో ఉద్యోగానికి చేరి ఏడాది కూడా కాలేదు. కాంక్రీటు దిమ్మల్ని ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో ఉంచి, తర్వాత మెషిన్లో పెట్టి నొక్కి, ఎంత బరువుకి పగిలాయో రిజిస్టరులో రాయాలి, అది ఆ అమ్మాయి పని. ఒకసారి పేజీ తిప్పుతుంటే అంకెలన్నీ నున్నగా, బుద్ధిగా, పక్కపక్కనే నిలబడ్డాయి, అన్నీ ఒకే సిరా, ఒకే ఒత్తిడి. మీటింగులో పదకొండు మంది ముందు ఆ రిజిస్టరు బల్ల మీద పడేసి, ఇవి కొలిచిన అంకెలు కావమ్మా, నువ్వు కోరుకున్న అంకెలు, అంది. ఎవరో మెచ్చుకోలుగా తలూపారు. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది, మెషిన్ పాడైంది మేడం, మీ దగ్గరికి ఖాళీ పేజీ తీసుకురావడానికి భయమేసింది, అంది. భయపడేవాళ్ళు వంతెనలు కట్టకూడదు, అంది తను, సాయంత్రానికి ఆ అమ్మాయి హెల్మెట్ స్టోర్లో అప్పగించేసి వెళ్ళిపోయింది. దిమ్మలు మళ్ళీ చేయించి మళ్ళీ నొక్కించారు, అది చెయ్యాల్సిందే, దాంట్లో తప్పు లేదు, వంతెన మీద జనం నడవాలి. కానీ మెషిన్ పాడైందని చెప్పడానికి కూడా భయమేసేలా తను ఎందుకుంది అని అప్పుడు ఒక్కసారైనా అనుకుందా. లేదు. మంచి వాక్యం అన్నానే అనుకుంది, ఇంటికెళ్ళి ఆయనకి కూడా చెప్పింది. ఇప్పుడు చూడు, ఈ కీచుకుర్చీలో, ఖాళీ పేజీ తీసుకురావడానికి భయపడి ఎవరు కూర్చున్నారో. ఆ అమ్మాయి ఒక్క పెన్నే వాడింది పాపం, అబద్ధం చెప్పడం సరిగ్గా రాలేదు.

మూడో పేజీ దగ్గర వేలు ఆగింది. ఇంకు పెన్నుతో రాసింది ఇది, అక్షరాలు అందంగా ఉన్నాయి. అక్క ఫోన్ చేసింది, అరగంట మాట్లాడుకున్నాం, ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. కడుపుబ్బ. ఆ మాట ఎలా రాసిందో తెలియదు, చెయ్యెలా ఆడిందో తెలియదు.

అక్క మూడుసార్లు ఫోన్ చేసింది ఆ రోజు. పదకొండింటికి ఒకసారి, పన్నెండుకి ఒకసారి, సాయంత్రం ఒకసారి. తీయలేదు. పనేమన్నా ఉందా అంటే, ఉంది, ఎప్పుడు లేదు గనక. అక్క ఫోనంటే మోకాళ్ళ నొప్పులు, కుట్టుమెషిన్ బెల్టు తెగిపోవడం, పక్క కొట్టువాడి కూతురు, అని తనే అనేసుకుంది. అక్కకి పద్నాలుగో ఏట అమ్మ పోతే స్కూలు మానేసి అమ్మ కుట్టుమెషిన్ ముందు కూర్చుంది, అప్పట్నించీ లేవలేదు, కర్టెన్లు, యూనిఫాములు, జిప్పులు మార్చడం, ఇప్పుడు యాభై రెండు. నాన్న షిఫ్టులకి పోతే ఆవిడ ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టింది అక్కే. నాన్నకైతే తొంభై ఎనిమిది చూపిస్తే మిగతా రెండూ ఏం చేశావనేవాడు. అక్క అంకెల వైపు చూసేది కాదు, సంతకం ఎక్కడ అని వేలితో వెతుక్కుని, నోట్లో సూదితోనే సంతకం చేసి, తిన్నావా అనేది. ఎన్ని కార్డుల మీద పెట్టింది, ఎన్నేళ్ళు పెట్టింది, తనకంటూ ఒక్క కార్డూ లేని మనిషి. ఆ మనిషి ఎవరికీ చెప్పకుండా ఫీజు కట్టి, మెషిన్ పక్కన పుస్తకం పెట్టుకుని రెండేళ్ళు చదివి పదో తరగతి రాసింది. రిజల్టు వచ్చిన రోజది, ఆ మూడు ఫోన్లు. కుటుంబం గ్రూపులో ఫొటో కూడా పెట్టారు, చేతిలో కాయితం పట్టుకుని అక్క, ఆవిడ తెరవకుండానే దానికో బొటనవేలి బొమ్మ పెట్టేసింది. తొమ్మిది రోజుల తర్వాత ఆయన, మీ అక్కయ్య పాసయ్యారటగా, ఎంత గొప్ప విషయం, అంటే అప్పుడు తెలిసింది. అప్పుడైనా ఫోన్ చేసింది, చేసింది గదా, అని ఏ కాస్తయినా సర్దిచెప్పుకుందామంటే, అక్క హలో అనగానే ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట, ఎన్ని మార్కులొచ్చాయే అక్కా. లెక్కల్లో ముప్ఫై ఎనిమిదే, గట్టెక్కానంతే, అని అక్క నవ్వింది. ఆవిడ, ఓ, అంది. అంతే. ఓ. అచ్చం నాన్న గొంతు.

మూడూ ముప్ఫై అయిదు. మంచినీళ్ళు తాగుదామని లేచింది, కుర్చీ కీచుమంది, లోపల మాటలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగాయి. పుస్తకం ఇచ్చేస్తే ఏమవుతుంది, ఏమీ కాదు, కోచ్ చదివి బావుందంటాడు, తను లిఫ్టు దిగేదాకా సంతోషపడుతుంది, ఆ తర్వాత మళ్ళీ బేస్‌మెంటు. చెప్పేస్తే ఏమవుతుంది. ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి తెలియదు. తనకి సాయం చేయగలిగిన ఒకే ఒక్క మనిషి దగ్గర కూడా నటించి ఫస్టు మార్కు కొట్టాలని చూస్తే ఇంక ఎవరి దగ్గర మనిషిగా కూర్చుంటుంది. గ్లాసు చేతిలో ఉండగానే బ్యాగులో ఫోన్ కదిలింది. అక్క. పేరు చూసి చెయ్యి అలవాటుగా పక్క బటన్ మీదికి పోయింది, శబ్దం ఆపేసే బటన్. తన వేలిని తనే చూసింది. తర్వాత ఎత్తింది.

“పన్లో ఉన్నావా?” అంది అక్క, ఎప్పుడూ అనే మాటే.

“లేదక్కా, చెప్పు.”

“ఏం లేదులే. సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఫ్రేము కట్టిద్దామని షాపుకొచ్చా. మార్కులేమో కింద వరసగా ఉన్నాయి. ఇతను, కావాలంటే ఆ ముక్క వెనక్కి మడిచేసి పేరూ, పాసైనట్టూ మాత్రం కనపడేట్టు కడతానంటున్నాడు. నీకిలాంటివి తెలుస్తాయి గదా. మడిపించెయ్యనా?”

ఆవిడ నీళ్ళ గ్లాసు కిటికీ అంచున పెట్టింది.

“వింటున్నావా? లెక్కలు ముప్ఫై ఎనిమిదే మరి. మీవాళ్ళెవరైనా మా ఇంటికొస్తే నీకు బాగోదేమోనని.”

నీకు బాగోదేమోనని. భూమిలోకి దిగిపోవాలనిపించడం అంటే ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది, కింద పళ్ళ డాక్టరు ఉన్నాడు గాని లేకపోతే దిగిపోయేదే. “మడవొద్దక్కా,” అంది. అని, ఆగి, “ఆ రోజు ఫోన్ చెయ్యగానే మార్కులెన్నని అడిగాను చూడు. అలా అడగకుండా ఉండాల్సింది. ఆ మూడు ఫోన్లూ తీయాల్సింది. పని లేదు నాకప్పుడు. ఊరికే తీయలేదు.”

అవతల ఎవరో మేకు కొడుతున్నారు. అక్క ఆలోచిస్తోంది, అక్క ఆలోచిస్తే ముక్కుతో గాలి పీలుస్తుంది, అది వినిపిస్తోంది. పర్వాలేదులే అనేస్తుందని చూసింది, అనేస్తే బతికిపోవచ్చని కూడా చూసింది.

“కాస్త బాధేసిందే,” అంది అక్క. “అబద్ధమెందుకు. నీకే ముందు చెప్పాలని పొద్దున్నించీ ఎవరికీ చెప్పకుండా కూర్చున్నా.”

“ఊఁ.”

“సరే, ఏడవకు. ఎక్కడున్నావో ఏంటో, పక్కన మనుషులుంటారు. మడవద్దని చెప్తున్నా అయితే. పెద్ద ఫ్రేము పడుతుంది.”

ఫోన్ పెట్టేశాక ఏడుస్తున్నట్టు తెలిసింది. అక్కకి ముందే తెలిసింది. కర్చీఫు కోసం బ్యాగులో చెయ్యి పెడితే లోపలి జిప్పు తగిలింది, ఈసారి చెయ్యి వెనక్కి రాలేదు, తీసింది. నాలుగు కాకముందే అద్దం తలుపు తెరుచుకుని, టై వదులు చేసుకుంటూ ఒక పెద్దమనిషి బయటికొచ్చి ఎవరినీ చూడకుండా మెట్లు దిగిపోయాడు, ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. రండి, అన్నాడు కోచ్. ఆవిడ కూర్చోలేదు, నిలబడే పుస్తకం బల్ల మీద పెట్టి, ఇదంతా అబద్ధమండీ, నిన్న ఒక్క మధ్యాహ్నంలో రాశాను, అంది. అప్పుడు కూర్చుంది.

ఆయన పుస్తకం తెరవలేదు.

“ఎన్ని పెన్నులండీ?”

“మూడు.”

“మొన్నొకాయన రెండింటితో సరిపెట్టాడు,” అన్నాడు, నవ్వకుండా.

అప్పుడు జరిగింది చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు. ఆ మాట వినగానే, అంత సిగ్గులోనూ, కళ్ళు ఇంకా తడిగా ఉండగానే, ఆవిడ లోపల ఎక్కడో ఒకటి చటుక్కున తలెత్తింది, రెండే, నావి మూడు, అని. గర్వం. దొంగతనంలో కూడా ఫస్టు. దాన్ని ఆవిడ చూసింది, బల్ల మీద పురుగుని చూసినట్టు స్పష్టంగా చూసింది, అయిదేళ్ళ వయసు నుంచీ తనని నడిపిస్తున్నది ఇదేనా అని చూసింది, అది ఎంత చిన్నదో చూసి ఒళ్ళంతా ముడుచుకుపోయింది. దాచుకోవచ్చు, ఎవరికీ కనపడదు. “ఇప్పుడే నాకు గర్వంగా అనిపించిందండీ,” అంది, తల దించుకుని, “నావి మూడు కదా అని.”

“దాన్ని పట్టుకోవడం కష్టమండీ,” అన్నాడాయన, మెల్లగా, ఈసారి గట్టు మీంచి చెప్పినట్టు లేదు, పక్కనే నీళ్ళలో ఉండి చెప్పినట్టుంది. “నిజం ఏమైనా ఉందా మీ దగ్గర? ఎంత చిన్నదైనా సరే.”

ఆవిడ మడతలు విప్పి మూడు కాయితాలూ ఆయన ముందు వరసగా పెట్టింది, చింపిన అంచులు పైకి లేస్తుంటే అరచేత్తో అదిమింది. ఆయన వంగి చదివాడు, పైకే చదివాడు. మొదటి రోజు, ఏమీ లేదు. రెండో రోజు, ఏమీ లేదు. మూడో రోజు, అక్క మూడుసార్లు ఫోన్ చేసింది, తీయలేదు. చదివి, ఇవి బావున్నాయనీ అనలేదు, బాలేవనీ అనలేదు. ఆ మాట కోసం తను ఎదురు చూస్తున్నట్టు ఆవిడకి తెలిసింది, అది రాకపోయినా గదిలో కూర్చోవచ్చని కూడా, కాసేపటికి, తెలిసింది. మరి నాలుగోది రాస్తారా అని ఆయన ఒక తెల్లకాయితం జరిపాడు. సైటులోని ఆ అమ్మాయి గురించి కూడా రాయాలి, ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో కనుక్కోవాలి, అది ఒక వాక్యంలో తేలేది కాదు, ఇవాళ్టికి కాదు. ఆవిడ బ్యాగులో చెయ్యి పెడితే ముందు ఏ పెన్ను దొరికితే ఆ పెన్ను తీసింది. నాలుగో రోజు అని రాసి, పక్కన ఇవాళ్టి తేదీ వేసి, కింద రాసింది.

అక్క పదో తరగతి పాసైంది. నేను మార్కులడిగాను.